కాకినాడలో ఆకలి దాచుకోండి

కాకినాడ వెళ్తే ఉదయం ఫలహారం తేలికగా ముగించండి. మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్లో అరిటాకు భోజనం ఉంది మరి! శాకాహారమే. కూరలు, వేపుళ్లు, పచ్చళ్లు, పొడులు, స్వీటు వరుసగా వచ్చి ఆకు నిండిపోతుంది. అన్నీ కొసరి కొసరి వడ్డిస్తారు. అందుకే మొదట్లోనే అన్నం ఎక్కువ పెట్టించుకోకండి, చివర్లో గడ్డపెరుగుకు చోటుండాలి. రద్దీ నచ్చనివారు కాస్త ముందుగా వెళ్లడం మంచిది.

తర్వాత కోటయ్య కాజా. ఈ గొట్టం కాజా పైకి కరకరలాడుతుంది, లోపలంతా పాకమే. కొరికితే చొక్కా మీదికి చిమ్ముతుంది. చిన్న కాజా తీసుకుని మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోండి. ఊరికి పట్టుకెళ్లడానికైతే తాపేశ్వరం మడత కాజా కూడా బాగుంటుంది.