అమెరికా కాలేజీ అప్లికేషన్‌లో యాక్టివిటీస్ పేజీ: ఎలా సిద్ధం కావాలి, ఎలా నింపాలి?

అమెరికాలో పేరున్న కాలేజీలకు అప్లై చేసే పిల్లలున్న ఇళ్లలో పదకొండో తరగతి రాగానే ఒక కంగారు మొదలవుతుంది. "మనవాడికి చదువు తప్ప ఏమీ లేదే, ఏదైనా క్లబ్బులో చేర్పిద్దామా?" అని. ఎందుకంటే చదువు బయట చేసే పనులన్నీ రాసేదే యాక్టివిటీస్ పేజీ. ఆ కంగారులో చేసిన పనులే చివరికి అప్లికేషన్‌లో అన్నిటికంటే పేలవంగా కనిపిస్తాయి. అప్లికేషన్ చదివే అడ్మిషన్ ఆఫీసువాళ్లు వెతికేది క్లబ్బుల సంఖ్య కాదు. మీ చేతిలో ఉన్న ఖాళీ గంటలు ఎటు పోయాయి, వాటివల్ల ఏం మారింది అన్నదే చూస్తారు.

1. మీరు అప్లై చేసే కాలేజీ యాక్టివిటీస్‌ని పట్టించుకుంటుందో లేదో ముందే తెలుసుకోండి

కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టి వెతకండి. చాలా కాలేజీలు ఏటా దాన్ని తమ సైట్‌లోనే పెడతాయి. అందులో సీ7 అనే పట్టిక ఉంటుంది. మార్కులు, వ్యాసం, సిఫార్సు లేఖలు, యాక్టివిటీస్, ఉద్యోగ అనుభవం, ఇలా ఒక్కోదాన్ని ఆ కాలేజీ ఎంతగా చూస్తుందో "చాలా ముఖ్యం" నుంచి "చూడం" వరకు నాలుగు మెట్లలో టిక్కు పెట్టి చెబుతుంది. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లు చాలావరకు కోర్సులు, జీపీఏ (మార్కుల సగటు) చూసే సీటిస్తాయి. మీ లిస్టంతా అలాంటివే అయితే ఈ టెన్షన్ మీకు అక్కర్లేదు.

ఇంకో మాట. మార్కులు తక్కువైతే యాక్టివిటీస్ గట్టెక్కిస్తాయని ఆశపడొద్దు. గట్టి పోటీ ఉన్న కాలేజీల్లో అప్లై చేసినవాళ్లలో చాలామందికి మార్కులు బాగానే ఉంటాయి. వాళ్లలో ఎవర్ని తీసుకోవాలి అనే దగ్గర ఈ పేజీ పని మొదలవుతుంది. (కోచ్ స్వయంగా పిలిచే క్రీడాకారుల దారి వేరు, అది ఇక్కడ చెప్పడం లేదు.)

2. ఒక వారం లెక్క కాగితం మీద రాయండి

స్కూలు అయ్యాక రాత్రి పడుకునే దాకా ఏ గంట ఎటు పోయిందో రాయండి. తమ్ముణ్ని స్కూలు నుంచి తీసుకురావడం, నాన్నమ్మకు మందులిచ్చి డాక్టర్ దగ్గరికి తోడెళ్లడం, శనివారాలు కొట్లో పనిచేయడం, అన్నీ రాయాలి. మన పిల్లలు ఇక్కడే వెనకాడతారు, "ఇంటిపని కూడా యాక్టివిటీయేనా?" అంటారు. అవును. కామన్ యాప్‌లో, అంటే ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసే సైట్‌లో, కుటుంబ బాధ్యతలకూ, జీతం వచ్చే పనికీ విడివిడిగా కేటగిరీలే ఉన్నాయి.

అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడంపై హార్వర్డ్ మీద నడిచిన కేసులో, అదే 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కేసులో, అడ్మిషన్ ఆఫీసు లోపలి కొలతలు బయటికొచ్చాయి. యాక్టివిటీస్‌కి 1 నుంచి 6 దాకా రేటింగ్ వేసేవారు. 1 అంటే జాతీయ స్థాయి. 2 అంటే స్కూలు పత్రిక ఎడిటర్, క్లాస్ ప్రెసిడెంట్ లాంటి గట్టి పాత్ర. 3 అంటే బాగానే పాల్గొన్నా ప్రత్యేకత లేదని, 4 అంటే పెద్దగా ఏమీ లేదని. ఇంతవరకు మనం ఊహించేదే. కానీ 5 అనేది ఇంటి బాధ్యతో ఉద్యోగమో మోస్తున్నవాళ్లకు, 6 అనేది పరిస్థితుల వల్ల పాల్గొనలేకపోయినవాళ్లకు. ఆ రెండూ అడుగున పడేసే మార్కులు కావు, వేరే అరలు.

3. రెండు మూడు ఉంచుకుని మిగతావి వదిలేయండి

తొమ్మిదో తరగతిలో నాలుగు రకాలు చేసి చూడండి, తప్పులేదు. పదో తరగతి చివరికల్లా ఏది ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారో తెలిసిపోతుంది. దాన్ని పట్టుకోండి. పన్నెండో తరగతికి ముందు వేసవిలో కొత్తగా సేవాసంస్థ పెట్టి "ఫౌండర్" అని రాసుకోవడం ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, నాకైతే ఆ మాట చూడగానే అనుమానమే వస్తుంది. వేలకు వేలు ఫీజు కట్టే వేసవి ప్రోగ్రాములూ అంతే. పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో జరిగినంత మాత్రాన ఆ యూనివర్సిటీ మిమ్మల్ని ఎంచుకున్నట్టు కాదు. ఎంఐటీలో జరిగే ఆర్‌ఎస్‌ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే వేసవి పరిశోధన ప్రోగ్రాం) లాంటివాటికి ఫీజు ఉండదు, ఎంపికే కష్టం. ఆ తేడా చదివేవాళ్లకు బాగా తెలుసు.

4. చేస్తున్న పనిలోనే ఒక చిక్కు వెతికి విప్పండి

పదవి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఒక అమ్మాయి శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లలకు చెస్ నేర్పుతోంది అనుకుందాం. వచ్చినవాళ్లు రెండు వారాలకే మానేస్తున్నారు. ఎందుకా అని చూస్తే, గంటసేపు ఆడి ఓడిపోయిన పిల్లలే మళ్లీ రావడం లేదు. ఆమె ఆటను పదిహేను నిమిషాలకు కుదించింది. ఓడినా అదే రోజు ఇంకో ఆటలో గెలిచే అవకాశం దొరికింది. పిల్లలు నిలిచారు. ఇందులో ట్రోఫీ లేదు, పదవి లేదు. అయినా ఇది ఆమె తప్ప ఇంకెవరూ రాయలేని సంగతి.

5. గంటలు నిజాయితీగా వేయండి

ప్రతి యాక్టివిటీకి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. పదింటికీ పదేసి గంటలు వేస్తే వారానికి వంద. స్కూలెప్పుడు, నిద్రెప్పుడు? అందుకే నెలకోసారి నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే మంచిది. మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

6. ఇక రాయడం

కామన్ యాప్‌లో పది యాక్టివిటీస్‌కి చోటుంటుంది. ఒక్కోదానికి మీ హోదా 50 అక్షరాల్లో, సంస్థ పేరు 100లో, వివరం 150లో. ఖాళీలు కూడా లెక్కలోకే వస్తాయి. ముఖ్యమైనది పైన పెట్టండి. పదీ నింపాలని లేదు. రాసేది ఇంగ్లీషులోనే అయినా, తేడా తెలియడానికి తెలుగులో చూద్దాం. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

"చెస్ క్లబ్ సభ్యురాలిని. చురుగ్గా పాల్గొని నాయకత్వం, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను."

దీన్ని ఇలా మార్చొచ్చు:

"3–5 తరగతుల పిల్లలకు శనివారం చెస్. ఓడి మానేస్తున్నవాళ్ల కోసం 15 నిమిషాల ఆటలు పెట్టాను. 6 మంది నుంచి 23 అయ్యారు."

క్లబ్ పేరు పైగడిలో వచ్చేసింది కాబట్టి కిందగడిలో మళ్లీ దండగ. "నాయకత్వం" అన్న మాట లేకుండానే నాయకత్వం కనబడింది.

కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీ; పైన చెప్పిన కాల్ స్టేట్ కాదు) క్యాంపస్‌ల ఫారం వేరు. యాక్టివిటీస్, అవార్డులు అన్నీ కలిపి 20 దాకా రాయొచ్చు, వివరానికి 350 అక్షరాలు. కామన్ యాప్ వాక్యాన్ని అలాగే అతికించకుండా అక్కడ కాస్త విప్పి రాయండి.

7. రుజువులు ఒకచోట పెట్టుకోండి

2019లో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో ఆటే ఆడని పిల్లల్ని ఫొటోలు మార్చి క్రీడాకారులుగా చూపించారు. కొందరు తల్లిదండ్రులు జైలుకు కూడా వెళ్లారు. మీరు అంత దూరం పోరు గానీ, 6ను 60 చేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ అప్లై చేసినవాళ్లలో కొందర్ని ఎంచి, రాసినదానికి ఆధారం చూపమంటుంది. జవాబివ్వకపోతే అప్లికేషన్ రద్దు చేస్తుంది. లైబ్రరీవాళ్ల మెయిల్, జీతం స్లిప్పు, సర్టిఫికెట్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి ఉంచండి. అప్లై చేశాక కొన్ని వారాలపాటు స్పామ్‌లో కూడా ఓ కన్నేసి ఉంచండి.