చేత్తో నడిపితే నడిచే స్క్రిప్టు క్రాన్‌లో ఎందుకు ఆగిపోతుంది?

బ్యాకప్ స్క్రిప్టును టెర్మినల్‌లో నడిపితే చక్కగా పూర్తవుతుంది. అదే స్క్రిప్టును రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (లినక్స్‌లో చెప్పిన సమయానికి పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్) పెడితే తెల్లారేసరికి బ్యాకప్ ఫైలు ఉండదు. ఇలాంటప్పుడు వెంటనే స్క్రిప్టు లోపల ఏదీ మార్చకండి. అది నడిచే పరిసరాలను ముందు చూడండి.

ఎర్రర్ ఎక్కడా కనిపించడం లేదు

క్రాన్ తన అవుట్‌పుట్‌ను యూజర్‌కు మెయిల్‌గా పంపుతుంది. మెయిల్ ప్రోగ్రామ్ లేని ఉబుంటు, డెబియన్ సర్వర్లలో దాన్ని పారేస్తుంది. క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితా ఉండే ఫైలు) ఆ పని లైను చివర మామూలు అవుట్‌పుట్‌నూ ఎర్రర్లనూ కలిపి ఒక లాగ్ ఫైలులోకి మళ్లించండి. ఈ పని చేశాకే మిగతావి చూడండి, లేకపోతే అంతా ఊహాగానమే.

"కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మీరు లాగిన్ అయినప్పుడు బ్యాష్ (మీ కమాండ్లను నడిపే షెల్) మీ ప్రొఫైల్ ఫైళ్లు చదివి పాత్‌ను, అంటే ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాను, నింపుతుంది. క్రాన్ వాటిని చదవదు. దానికి తెలిసిన పాత్ సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ అంతే. నోడ్‌నో, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌నో మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుని ఉంటే క్రాన్‌కు దొరకవు.

బ్యాష్ఆర్‌సీని (బ్యాష్ సెట్టింగుల ఫైలు) స్క్రిప్టులో సోర్స్ చేయమని, అంటే అక్కడ చదివించమని, సలహా ఇస్తుంటారు. ఉబుంటులో అది చాలాసార్లు పనికిరాదు. ఎదురుగా మనిషి కూర్చుని నడపని షెల్ అయితే ఆ ఫైలు మొదట్లోనే వెనక్కి తిరిగిపోతుంది, కింద మీరు రాసుకున్నవి చదవనే చదవదు. ప్రోగ్రామ్ పేరును అది ఉన్న ఫోల్డర్లతో సహా పూర్తిగా రాయండి, లేదా క్రాన్‌ట్యాబ్ పైభాగంలోనే పాత్ రాయండి. అక్కడ మాత్రం డాలర్ గుర్తుతో పాత పాత్‌ను కలపలేరు. విలువ మొత్తం రాయాల్సిందే.

ఇంకా తేడా అర్థం కాకపోతే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పాత్ లాంటి సెట్టింగులు) అన్నీ చూపే ఎన్వ్ కమాండ్‌ను ఒక నిమిషం క్రాన్‌లో పెట్టి, వచ్చినదాన్ని ఫైలులో దాచి, టెర్మినల్‌లో వచ్చినదానితో పోల్చండి. గంటల టెన్షన్ తప్పుతుంది.

ఫైలు దొరకడం లేదంటోంది

క్రాన్ మీ హోమ్ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది, ఫోల్డర్ చెప్పకుండా పేరు మాత్రమే రాసిన ఫైళ్లను అక్కడే వెతుకుతుంది. స్క్రిప్టు మొదట్లోనే అసలు ఫోల్డర్‌కు మారండి.

కమాండ్ సగంలో తెగిపోతోంది

ఫైలు పేరులో తేదీ కోసం క్రాన్‌ట్యాబ్‌లో % వాడారా? క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. తేదీ లెక్కను స్క్రిప్టులోకి మార్చేస్తే ఇంకా మంచిది.

ఉదయం 6కి పెడితే 11:30కి నడుస్తోంది

సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మన సమయం దానికంటే 5:30 గంటలు ముందు. క్రాన్ టైమును సరిచేసుకోండి. సర్వర్ టైమ్ జోన్‌నే మారిస్తే క్రాన్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర ఆగిపోతోంది

భాషను చెప్పే లాంగ్ వేరియబుల్ లేకపోతే లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) తెలుగు అక్షరాలు తెలియని "సి"కి పడిపోతుంది. పైథాన్ 3.7 నుంచి ఈ లొకేల్‌లోనూ యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) వాడుతుంది. అంతకు ముందువి యూనికోడ్ ఎర్రర్ ఇవ్వొచ్చు. క్రాన్‌ట్యాబ్‌లో లాంగ్‌కు సి.యూటీఎఫ్-8 ఇవ్వండి.

అసలు మొదలే కావడం లేదు

క్రాన్.డైలీ (రోజూ నడవాల్సిన స్క్రిప్టుల) ఫోల్డర్‌లో పెట్టిన ఫైలు పేరులో చుక్క ఉంటే డెబియన్, ఉబుంటులు దాన్ని పట్టించుకోవు. చివరి .ఎస్‌హెచ్ తీసేసి, ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్టులను నడిపే రన్-పార్ట్స్ కమాండ్‌ను టెస్ట్ ఆప్షన్‌తో నడపండి. నడవబోయే ఫైళ్ల జాబితాలో మీది కనిపించాలి.