కుక్కకి కడుపు పాడైతే ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి

కోనసీమలో మనిషికి కడుపు పాడైతే ముందు కొబ్బరిబొండం కొడతారు. ఆ అలవాటు కొద్దీ కుక్కకీ గిన్నెలో పోస్తుంటారు. ప్రేమతో చేసే పనే గానీ, వాంతులూ మోషన్లతో ఉన్న కుక్కకి అది సరైన మందు కాదు. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ. ఒక గుక్క తాగితే ఏమీ కాదు. నీరసించిపోయిన కుక్కకి, అందులోనూ కిడ్నీ జబ్బున్న ముసలిదానికి, బొండాలకి బొండాలు పట్టించకూడదు. ముదురు కొబ్బరి ముక్కలైతే అసలే వద్దు, వాటిలోని కొవ్వుతో కడుపు ఇంకా పాడవుతుంది.

మనకి పనిచేసిందల్లా కుక్కకి పనిచేయదు. మంచి ఆరోగ్యంతో ఉన్న పెద్ద కుక్కకి వచ్చే మామూలు అజీర్తి విశ్రాంతితో, కొంచెం కొంచెం నీళ్లతో, చప్పిడి అన్నంతో ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అది నిజంగా మామూలు అజీర్తేనా అని తేల్చుకోవడమే కష్టం. అందుకే వంటింట్లోకి వెళ్లేముందు కాసేపు కుక్క దగ్గర కూర్చోండి.

1. ఏం తిందో వెతకండి

వాంతిని వెంటనే కడిగేయకండి. ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. మీరు నోటితో చెప్పేదానికన్నా ఆ ఫొటో చూస్తే డాక్టరుకి ఎక్కువ తెలుస్తుంది. అందులో ఉన్నవి మెతుకులా, ఎముక ముక్కలా, కొబ్బరి పీచా, ప్లాస్టిక్ కవరా, పురుగులా, నెత్తురా అన్నది చూడండి. తర్వాత నిన్నటి నుంచి కుక్క ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరేం పెట్టారో ఇంట్లో అందరినీ అడగండి. పిల్లల్ని విడిగా, మెల్లగా అడగండి. తిడతారనే భయంతో చాక్లెట్ పెట్టిన సంగతి దాచేస్తారు.

మన వైపు కుక్కల కడుపులు ఎక్కువగా పాడయ్యేది పండగలకీ పెళ్లిళ్లకీ. సంక్రాంతి మూడు రోజులూ ఇంటికొచ్చిన చుట్టాలు తలో ముద్దా పెడతారు. కోడి ఎముకలు, మటన్ కొవ్వు, గారెలు, నెయ్యి కారే పూతరేకులు, కాజాలు, అన్నీ ఒక్క పొట్టలోకే వెళ్తాయి. ఉడికిన ఎముక ముక్కలుగా విరిగి పేగుకి గుచ్చుకుంటుంది. నూనె, నెయ్యి ఒక్కసారిగా ఎక్కువ పడితే పాంక్రియాస్ (జీర్ణరసాలు ఊరే గ్రంథి) వాచిపోవచ్చు. అప్పుడు కుక్క మళ్లీ మళ్లీ కక్కుతుంది. ముందుకాళ్లు చాపి ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. కడుపునొప్పి తట్టుకోలేక పెట్టే భంగిమ అది. అలా కనిపిస్తే ఇంటివైద్యం అక్కడితో ఆపేయండి.

పులస రోజుల్లో పులుసన్నం మిగిలితే కుక్కకి వేయడం కూడా మామూలే. ముళ్ల ప్రమాదం ఎలాగూ ఉంది, దానికి తోడు పులుసులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. ఎంత ఉడికించినా ఆ గుణం పోదు. సేమ్యాలోనో చక్కెర పొంగలిలోనో వేసే కిస్‌మిస్ కిడ్నీలని పాడుచేయగలదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద పారేసిన చచ్చిన చేపలూ రొయ్యలూ తిని వచ్చే కుక్కలూ ఉంటాయి. మామిడి టెంక, కొబ్బరి పీచు పేగులో అడ్డం పడతాయి. తిన్నదల్లా, తాగిన నీళ్లతో సహా కక్కేస్తూ, మోషన్ అసలు రాకపోతే ఏదో అడ్డం పడిందేమోనని అనుమానించాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది పొలంలో పెట్టే ఎలుకల మందు. వరిచేలల్లో జింక్ ఫాస్ఫైడ్‌ని నూకలు, నూనెతో కలిపి పెడతారు. కుక్కకి అది మంచి తిండిలాగే అనిపిస్తుంది. కడుపులోని ఆమ్లంతో కలవగానే దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. ఈ మందు తిన్నదని అనుమానం ఉంటే అన్నం, పాలు ఏవీ పెట్టకండి. తిండి పడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. కుక్క కక్కినదాని వాసన మనుషులకీ ప్రమాదమే కాబట్టి కారు అద్దాలు దించి, లేదా ఆటోలో, వెంటనే బయల్దేరండి. మరో రకం బ్రోమాడియోలోన్. అది తిన్న కుక్క మూడు నాలుగు రోజులు బాగానే తిరిగి, తర్వాత లోపల రక్తస్రావంతో పడిపోతుంది. విటమిన్ కె1తో వైద్యం ఉంది, తొందరగా మొదలుపెడితే బతికించుకోవచ్చు. అందుకే తిన్నట్టు తెలిసిన రోజే వెళ్లాలి, లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. మందు కవరు దొరికితే చేత్తో పట్టుకెళ్లండి. పురుగుమందు కొట్టిన చేను గట్టు మీద గడ్డి తిని, చొంగ కారుస్తూ వణుకుతున్నా ఇంతే తొందర.

2. ఇంట్లో ఉంచొచ్చా అన్నది తేల్చుకోండి

రేబిస్ టీకా వేయని కుక్క చొంగ కారుస్తూ, మింగలేక, ఎప్పుడూ లేనట్టు మీద పడుతుంటే దాని నోట్లో చెయ్యి పెట్టకండి. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

అలాంటిదేమీ లేకపోతే పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మెడ వెనక చర్మం పట్టి ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి. చిగురు జిగటగా ఎండిపోయి, చర్మం మెల్లగా దిగుతుంటే ఒంట్లో నీరు తగ్గిపోయినట్టే. డిజిటల్ థర్మామీటర్ ఉంటే కొనకి వాజలిన్ రాసి మలద్వారంలో కొద్దిగా పెట్టి చూడండి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మన లెక్కతో చూసి జ్వరం అనుకుని టెన్షన్ పడకండి. 103 దాటితే మాత్రం జ్వరమే.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ఆగకండి:

- వాంతిలో గానీ మోషన్‌లో గానీ నెత్తురు, లేదా తారులా నల్లటి మోషన్
- పొట్ట ఉబ్బి, డోకుతున్నా ఏమీ బయటికి రాకపోవడం (పెద్ద జాతి కుక్కల్లో కడుపు మెలిపడితే గంటల్లోనే ప్రాణం పోతుంది)
- లేవలేకపోవడం, పిలిస్తే పలకకపోవడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం
- నీళ్లు కూడా నిలవకపోవడం, లేదా ఒక రోజు దాటినా వాంతులు ఆగకపోవడం
- కళ్లు, చిగుళ్లు పచ్చబడటం

కుక్కపిల్లల సంగతి పూర్తిగా వేరు. టీకాలు పూర్తికాని పిల్ల కక్కుతూ, నెత్తురుతో కుళ్లు వాసన వచ్చే మోషన్లు అవుతుంటే పార్వో వైరస్ కావచ్చు. సెలైన్, ఇంజెక్షన్లు లేకుండా చాలా పిల్లలు దక్కవు. రేపు చూద్దాం అనకండి. ముసలి కుక్కలు, కడుపుతో ఉన్నవి, షుగర్ ఉన్నవి కూడా అంతే.

జులై, ఆగస్టు వరదల తర్వాత జ్వరం, వాంతులు, పచ్చటి కళ్లు కనిపిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు గుర్తుకు రావాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వస్తుంది, కుక్క మూత్రం నుంచి మనుషులకీ సోకుతుంది. గ్లౌజులు లేకుండా శుభ్రం చేయకండి. లంక గ్రామాల్లో ఉండేవాళ్లకి ఇంకో మాట: గోదావరి పెరుగుతోందంటే, కుక్క కొంచెం తేడాగా ఉన్నప్పుడే రేవు దాటించేయండి. ఇంకా చూద్దామని ఆగితే పడవలు ఆగిపోవచ్చు. దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే 1962కి ఫోన్ చేసి అడగండి, సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబరు అది.

3. నీళ్లు కొంచెం కొంచెంగా

పైవేవీ లేవు, కుక్క హుషారుగానే ఉంది, రెండుసార్లు కక్కింది లేదా నాలుగుసార్లు పలచగా వెళ్లింది. అలాంటప్పుడు ఇంట్లో చూసుకోవచ్చు. నిండు గిన్నె ముందు పెడితే దాహంతో గటగటా తాగి మళ్లీ కక్కేస్తుంది. పావుగంటకోసారి రెండు మూడు స్పూన్లు ఇవ్వండి, పెద్ద కుక్కయితే ఇంకొంచెం. నాకడానికి ఐసుముక్క ఇచ్చినా మంచిదే. రెండు గంటలు నిలిస్తే మోతాదు పెంచండి. మామూలుగా కుక్కకి రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, మోషన్లు అవుతుంటే ఇంకా ఎక్కువ. బలవంతంగా సిరంజితో గొంతులో కొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఓఆర్ఎస్ ఇవ్వాలనుకుంటే డాక్టరుని ఫోన్‌లో అడిగి, లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. షుగర్‌ఫ్రీ రకాలు తేవద్దు. వాటిలో చక్కెర బదులు వేసే జైలిటాల్ ఉంటే అది కుక్కకి విషం.

4. కడుపుకి విశ్రాంతి

వాంతులు అవుతున్న పెద్ద కుక్కకి ఆరు నుంచి పన్నెండు గంటలు తిండి ఆపొచ్చు. మోషన్లు మాత్రమే ఉండి వాంతులు లేకపోతే పస్తు ఉంచాల్సిన పని లేదు, నేరుగా చప్పిడి అన్నం మొదలుపెట్టండి. కుక్కపిల్లల్ని, చిన్న జాతి కుక్కల్ని పస్తు పెట్టకండి. వాటికి ఒంట్లో చక్కెర పడిపోతుంది.

5. చప్పిడి అన్నం

బియ్యం మామూలుకన్నా ఎక్కువ నీళ్లు పోసి ముద్దలా మెత్తగా వండండి. తోలు, ఎముక, కొవ్వు తీసేసిన కోడిమాంసం ఉత్త నీళ్లలో ఉడికించి, పీచుపీచుగా చిదమండి. రెండు వంతుల అన్నానికి ఒక వంతు మాంసం. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, తాలింపు ఏదీ వద్దు. అమ్మమ్మలకి ఇది చూస్తే ప్రాణం ఒప్పదు, పోనీ చిటికెడు ఉప్పేద్దామంటారు. వేయనివ్వకండి. మాంసం వండని ఇంట్లో ఆ ఒకటి రెండు రోజులకీ మెత్తటి అన్నం, చల్లారిన గంజి, ఉడికించిన తీపి గుమ్మడికాయ గుజ్జు ఒకటి రెండు స్పూన్లు సరిపోతాయి.

పది కిలోల కుక్కకి మొదటిసారి రెండు టేబుల్ స్పూన్లు చాలు. రెండు మూడు గంటలు నిలిస్తే ఇంకొంచెం. రోజంతా ఐదారుసార్లుగా పెట్టండి. ఈ తిండి తిన్నాక కూడా కక్కితే డాక్టరు దగ్గరికే.

పెరుగన్నం గురించి అందరూ అడుగుతారు. రోజూ తిని అరిగించుకునే కుక్కయితే తగ్గాక కొంచెం పెట్టొచ్చు. వాంతులు, మోషన్లు నడుస్తున్నప్పుడు మాత్రం పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ పక్కన పెట్టమనే నా సలహా. చాలా కుక్కలకి పాలలోని లాక్టోజ్ అరగదు.

6. మన మందుల డబ్బా ముట్టుకోకండి

పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకి ప్రమాదకరం. మోషన్లు ఆగడానికి మనం వేసుకునే లోపెరమైడ్ కూడా సొంతంగా వేయకండి. లోపల విషమో ఇన్ఫెక్షనో ఉంటే బయటికి పోకుండా అది పట్టి ఉంచుతుంది, కోలీ లాంటి కొన్ని జాతులకి మెదడు మీదే దెబ్బ కొడుతుంది. కక్కించడానికి ఉప్పునీళ్లు పట్టించడం ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి చేయకండి, రక్తంలో సోడియం పెరిగిపోయి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు.

7. మామూలు తిండికి మెల్లగా

మోషన్ గట్టిపడ్డాక ఇంకో రెండు రోజులు చప్పిడి అన్నమే పెట్టండి. తర్వాత రోజూ తినే తిండి పావువంతు, మర్నాడు సగం, ఆ మర్నాడు ముప్పావు వంతు కలుపుతూ నాలుగైదు రోజుల్లో పూర్తిగా మారండి. మధ్యలో పలచబడితే ముందు రోజు పాళ్లకి వెనక్కి వెళ్లండి. మళ్లీ మళ్లీ తిరగబెడుతుంటే మోషన్ కొంచెం చిన్న మూత డబ్బాలో పెట్టుకుని అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుగుల గుడ్లున్నాయా, జియార్డియా అనే పేగుల్లోని సూక్ష్మజీవి ఉందా అని మైక్రోస్కోప్ కింద చూస్తారు. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో, ఏ టీకాలు పడ్డాయో రాసిన కార్డు కూడా వెంట పెట్టుకెళ్లండి.