ద్రాక్షకోతల వేళ బర్గండీ తోటల దారిలో సైకిల్ ప్రయాణం: బయలుదేరే ముందు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో బోన్ పట్టణం నుంచి సాంత్నే గ్రామం వరకు 20 కిలోమీటర్లకు కాస్త పైగా సాగే సైకిల్ దారిని అక్కడివారు ‘వ్వా దే వీన్య్’, అంటే ద్రాక్షతోటల దారి, అంటారు. పొమ్మార్, వోల్నే, మెర్సో, ప్యూలిన్యీ-మోన్రాషే ఊళ్లను కలుపుతూ తోటల నడుమ నుంచి వెళ్లే ఈ దారిలో కార్ల రద్దీ చాలా తక్కువ కాబట్టి, ఐరోపాలో ఉంటున్న తెలుగువారెవరైనా రెండు రోజుల సెలవులో, పెద్ద సాధన ఏమీ లేకుండానే, తీరిగ్గా తొక్కుకుంటూ పోవచ్చు. అయితే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా ద్రాక్షకోతలు జరిగే రోజుల్లో ఈ దారి తీరే మారిపోతుంది. ఇది మొదటి నుంచీ రైతు తన తోటకు వెళ్లే బాట. సైకిల్ మీద వచ్చేవారికి అందులో చోటిచ్చారు. ఈ సంగతిని మనసులో ఉంచుకొని చదివితే కింది జాగ్రత్తల్లో చాలావాటికి కారణం వేరే చెప్పనక్కరలేదు.

కోతల తేదీ ఏటా ఒకటే ఉండదు. పూర్వం సెప్టెంబరు మధ్యలోనో చివర్లోనో మొదలయ్యే పని, ఎండలు ముదిరిన 2003లో ఆగస్టులోనే మొదలైంది. ఇటీవలి సంవత్సరాల్లోనూ అలా ముందుకు జరగడం చూస్తున్నాం. కాబట్టి గది, సైకిల్ మాట్లాడుకునేటప్పుడే ఆ ఏడు కోత ఎప్పుడు పడుతుందో బస యజమానిని అడిగి తెలుసుకోవడం మంచిది. కోత నడిచే రోజుల్లో తెల్లవారుజాము నుంచే కూలీలను దించే వ్యాన్లు, గంపలు మోసే ట్రెయిలర్లు ఈ సన్నని సిమెంటు బాటల మీదే తిరుగుతాయి. వాటికి తోడు ద్రాక్ష వరుసకు రెండు పక్కలా చక్రాలు వేసుకొని, మొక్కల మీదుగా నడిచే ఎత్తు కాళ్ల ట్రాక్టర్లు ఉంటాయి. వాటిని నడిపేవారి చూపంతా వరుసల మీదే ఉంటుంది. వరుస చివర మలుపు తిప్పుకోవడానికి అవి ఒక్కసారిగా బాట మీదికి వస్తాయి. ట్రాక్టరు చప్పుడు వినిపించిన వెంటనే వేగం తగ్గించి, వరుస చివరికి చేరకముందే ఆగి, నడిపే మనిషి మనవైపు చూసి చేయి ఊపాకనే ముందుకు కదలాలి. బాట ఇరుకుగా ఉన్నచోట సైకిల్ దిగి గడ్డి అంచున నిలబడి దారి ఇవ్వాలి. ఏడాది కష్టం ఇంటికి చేరే రోజులవి. ఆ బండి పది నిమిషాలు ఆగినా రైతుకు నష్టమే.

ట్రాక్టర్ల చక్రాలకు అంటుకొని వచ్చే మట్టి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడిది బంకమట్టి, సున్నపురాయి కలిసిన నేల. చిన్న జల్లు పడితే చాలు, సిమెంటు మీద రాలిన ఆ మట్టి సబ్బులా జారుతుంది, అణగిన ద్రాక్షపళ్ల రసం కలిస్తే మరీ జారుతుంది. వాన వెలిసిన తరువాత మలుపుల్లో బ్రేకు నొక్కవద్దు. మలుపుకు ముందే, బాట తిన్నగా ఉన్నప్పుడే, వేగం తగ్గించుకోవాలి.

బ్రేకుల విషయంలో మనవారికి ఒక అదనపు ప్రమాదం ఉంది. మన దేశంలో అమ్మే సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో అద్దెకిచ్చే సైకిళ్లలో అది తారుమారుగా, ఎడమచేతి బ్రేకు ముందు చక్రానికి, కుడిచేతిది వెనుక చక్రానికి ఉంటుంది. తొందరలో చేయి పాత అలవాటునే వెతుక్కుంటుంది. దిగుడు బాటలో వెనుక బ్రేకు అనుకొని ఎడమచేతితో గట్టిగా పట్టేస్తే ముందు చక్రం ఆగిపోయి, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. అందుకే సైకిల్ తీసుకున్న చోటే, చదునైన నేల మీద, ఒక్కొక్క బ్రేకునూ విడిగా నొక్కి చూసి, పావుగంట సేపు ఆగడం, కదలడం సాధన చేయాలని నా గట్టి సలహా. బ్యాటరీతో నడిచే సైకిల్ అయితే దాని బరువు ఎక్కువ, ఆగే దూరమూ ఎక్కువ. సాధన మరింత అవసరం.

అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. తోటల మధ్య ఉన్నంతసేపు ఈ తేడా పెద్దగా తెలియదు. ఊరు దాటుతూ రోడ్డు మీదికి వచ్చే ఆ నాలుగైదు నిమిషాల్లోనే పొరపాటు జరుగుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి సైకిల్ ఎక్కేటప్పుడు ఎడమవైపుకు పోవడం మనకు సహజం కాబట్టి, బయలుదేరిన ప్రతిసారీ జంటలో ఒకరు ‘కుడి’ అని పైకి అనడం అలవాటు చేసుకోండి. రోడ్డు దాటేటప్పుడు ముందుగా ఎడమకు చూడాలి. గుర్తుబోర్డు ఏదీ లేని కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చే వాహనానిదే ముందు హక్కు. చిన్న ఊళ్లలో ఇలాంటి కూడళ్లు ఉంటాయి. చుట్టు కూడలిలో మాత్రం, అందులో అప్పటికే తిరుగుతున్నవారికి, అంటే ఎడమనుంచి వచ్చేవారికి, దారి ఇవ్వాలి.

హైదరాబాదు చుట్టుపక్కల పందిరి ద్రాక్షతోటలు చూసిన వారు ద్రాక్షతోట అనగానే నీడను ఊహించుకుంటారు. బర్గండీలో తీగలను పందిరి మీద పాకించరు. ఇనుప తీగెలు కట్టి, నడుమెత్తు వరుసలుగా పెంచుతారు. వాటి కింద మనిషి తలదాచుకునే నీడ లేదు, బాట వెంట చెట్లూ బాగా తక్కువ. మనం ఎండ దేశం వాళ్లమని ధైర్యపడవద్దు. 2003 ఆగస్టు వడగాలులకు ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయారు. అక్కడి గడియారం వేసవిలో సూర్యుడికంటే చాలా ముందుంటుంది. బోన్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటుతుంది, వేడి తారస్థాయికి చేరేది సాయంత్రం నాలుగైదు గంటలకు. పన్నెండు దాటింది కాబట్టి ఎండ తగ్గుముఖం పడుతుందనుకొని మూడింటికి బయలుదేరేవారు సరిగ్గా ఎండ మండే వేళలోకి వెళ్తారు. ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ఆ పూట తొక్కడం ముగించడం ఉత్తమం. జాతీయ వాతావరణ సంస్థ మెటియో-ఫ్రాన్స్ ప్రతి జిల్లాకూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. వేడికిగాని ఉరుములకుగాని నారింజ రంగు చూపిన రోజున యాత్ర మానుకోవాలి.

తలా రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లాలి. ఊళ్లలోని కుళాయి పక్కన ‘ఓ నోన్ పొతాబ్ల్’ అని ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పల్లె దుకాణాలు మధ్యాహ్నం రెండు గంటల సేపు, ఆదివారం సాయంత్రం, చాలాచోట్ల సోమవారమంతా మూసి ఉంటాయి. శాకాహారులకు చిన్న ఊళ్లలో వేడి భోజనం దొరకడం కష్టమే. మధుమేహం ఉన్నవారు వెళ్లేచోట ఏదో ఒకటి తినవచ్చులే అనుకోకుండా రొట్టె, అరటిపళ్లు, చక్కెర బిళ్లలు సంచిలో పెట్టుకొనే కదలాలి. ఆకలి వేసిందని వరుసల్లోంచి ఒక గుత్తి తెంపుకోవడం చట్టప్రకారం దొంగతనం. ఆ పళ్ల మీద మందు కొట్టి ఉండే అవకాశమూ ఉంది. కందిరీగలు ఈ రోజుల్లో పళ్ల మీద, తీపి పానీయాల మీద మూగుతాయి కాబట్టి మూత తీసి ఉంచిన సీసాలోంచి చూడకుండా తాగవద్దు.

ఇక వైన్ విషయం. ఈ ప్రాంతానికి వచ్చినవారు రుచి చూడాలనుకోవడంలో తప్పు లేదు, కానీ చట్టం స్పష్టంగా ఉంది: లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ అనే పరిమితి కారుకే కాదు, సైకిల్‌కూ వర్తిస్తుంది. మీరితే 135 యూరోల జరిమానా, 0.8 గ్రాములకు చేరితే అది నేరమే. రుచిచూపే గదిలో ఆరు రకాలు, ఒక్కొక్కటి ఐదు సెంటీలీటర్ల చొప్పున పోశారనుకుందాం. మొత్తం 30 సెంటీలీటర్లు, అంటే దాదాపు 30 గ్రాముల ఆల్కహాల్. సన్నని ఒంటివారికి పరిమితి దాటడానికి అది చాలు, ఎండలో చెమటోడ్చి ఖాళీ కడుపుతో వచ్చినవారికి మరీ త్వరగా ఎక్కుతుంది. అక్కడ బల్ల మీద ఉమ్మడానికి ఒక పాత్ర ఉంటుంది, దాన్ని ‘క్రాష్వార్’ అంటారు. నోట్లో తిప్పి రుచి చూసి అందులో ఉమ్మేయడం అమర్యాద కాదు, వైన్ వృత్తిలో ఉన్నవారంతా చేసే పనే. మొహమాటపడి మింగనక్కరలేదు. నా అభిప్రాయంలో ఇంతకంటే మేలైన పద్ధతి, రోజు తొక్కడం పూర్తయి సైకిల్ బసలో పెట్టిన తరువాతే రుచులకు నడిచి వెళ్లడం.

సాంత్నే నుంచి ముందుకు వెళ్లేవారికి సాంత్రా కాలువ గట్టు చదునుగా, సుఖంగా ఉంటుంది. ఆపైన జివ్రీ నుంచి క్లూనీ వరకు పాత రైలు కట్ట మీద 1997లో తెరిచిన 44 కిలోమీటర్ల దారి ఉంది. గట్టు మీద పిల్లలను నీటివైపు నడవనివ్వకూడదు. క్లూనీ దాటాక వచ్చే బ్వా క్లేర్ సొరంగం సుమారు 1.6 కిలోమీటర్ల పొడవు. మండుటెండలోంచి చల్లని చీకట్లోకి వెళ్తాం కాబట్టి ఒక పలుచని కోటు, వెలిగే లైట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. శీతకాలంలో గబ్బిలాల కోసం దీన్ని మూసేస్తారు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ చట్టపరంగా తప్పనిసరి. పెద్దలకు కాకపోయినా పెట్టుకోవాలి. తొక్కుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం 2015 నుంచి నిషిద్ధం. చీకటి పడ్డాక ఊరి బయట, వెలుతురు పడితే మెరిసే చొక్కా ఉండాలి.

ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయాలి. వైద్య సహాయానికి 15 కూడా పనిచేస్తుంది. తోటల మధ్య వీధి పేరు, ఇంటి నెంబరు ఉండవు కాబట్టి, ప్రతి ఊరు దాటగానే దాని పేరును ఒక చీటీ మీద రాసుకోవడం అవసరం. ప్యూలిన్యీ, షసాన్య్ అనే పక్కపక్క ఊళ్లు రెండూ తమ మధ్యనున్న తోట పేరు మోన్రాషేను 1879లో తమ పేర్లకు చేర్చుకున్నాయి. అక్కడ పడిపోయినవారు ‘మోన్రాషే’ అని మాత్రమే చెబితే అంబులెన్సు ఏ ఊరికి పోవాలో తెలియదు. ఊరి పేరు మొదటి భాగంతో సహా పూర్తిగా, నిదానంగా, రెండుసార్లు చెప్పాలి.