ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వాట్సాప్ మెసేజ్‌లు: నాకు కుదిరిన పద్ధతి

ఐఫోన్ కొన్నాక ఫొటోలు, నంబర్లు వచ్చాయి కానీ వాట్సాప్ తెరిస్తే ఖాళీ. ఆరేళ్ల ఇంటి కబుర్లు, అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు పాత ఆండ్రాయిడ్‌లోనే ఉండిపోయాయి. గూగుల్ డ్రైవ్ బ్యాకప్, కేబుల్, మెయిల్‌కు పంపుకోవడం... ఏదీ అక్కరకు రాలేదు.

తొందర నాదే. ఈ బదిలీ ఐఫోన్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడే జరగాలి. నేను అప్పటికే వాడడం మొదలుపెట్టేశాను. అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని పూర్తిగా రీసెట్ చేశాను. రెండు ఫోన్లనూ ఛార్జింగ్‌కు పెట్టాను. పాతదానిలో, ఐఫోన్‌కు డేటా పంపే 'మూవ్ టు ఐఓఎస్' యాప్ తెరిచి, ఐఫోన్ తెర మీద కనిపించిన కోడ్ కొట్టాను. జాబితాలో వాట్సాప్‌ను ఎంచుకుని, 'స్టార్ట్' నొక్కి, అది సిద్ధమయ్యేదాకా ఆ తెరను కదపలేదు. (ఫోను ముట్టుకోకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం!) తర్వాత ఐఫోన్‌లో వాట్సాప్ వేసుకుని, పాత నంబరుతోనే లాగిన్ అయి, మళ్లీ 'స్టార్ట్' నొక్కాను. "అన్నం తిన్నావా?" అని అమ్మ గొంతు పలికింది.

కాల్స్ జాబితా మాత్రం రాలేదు. పాత ఫోన్‌లో ఆండ్రాయిడ్ 5 కంటే, ఐఫోన్‌లో ఐఓఎస్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) 15.5 కంటే పాత వెర్షన్ ఉంటే ఇది కుదరదు. మిగతా ఫోన్లలోనూ ఇంత సాఫీగా సాగుతుందని హామీ ఇవ్వలేను. నా బొటనవేలు మాత్రం వెనక్కి వెళ్లే బటన్ కోసం ఇంకా తెర అడుగున తడుముతూనే ఉంది.