పెట్టె కట్టే ముందు మందుల గది జాబితా అడగండి

ఆఫ్రికాలోని మలావీ దేశం మధ్య ప్రాంతంలో, రాజధాని లిలోంగ్వే దాటి తారు రోడ్డు అయిపోయాక ఇంకో రెండు గంటల మట్టి దారిలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడ మూడేళ్లు మందుల గది చూసుకున్నాను. పక్కనే ఆ మిషన్‌దే ఆడపిల్లల హాస్టల్ స్కూల్. "మా సంఘం తరఫున ఆఫ్రికాకి ఏదైనా పంపుదామనుకుంటున్నాం, ఏం పంపమంటారు?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

ముందు ఆసుపత్రి పేరు పట్టుకోండి. "ఆఫ్రికా" అనే ఊళ్లో ఆసుపత్రి ఏదీ లేదు! మలావీలో చర్చీల ఆసుపత్రులు చాలావరకు చామ్ అనే క్రైస్తవ ఆరోగ్య సంఘంలో ఉంటాయి. ప్రొటెస్టెంట్లు, కేథలిక్కులు కలిసి 1966లో పెట్టుకున్నది. ఈ ఆసుపత్రుల్లో జీతాలు చాలావరకు ప్రభుత్వమే ఇస్తుంది. ఒప్పందం ఉన్నచోట కాన్పుల బిల్లు కూడా ప్రభుత్వమే కడుతుంది, తల్లి దగ్గర డబ్బు తీసుకోరు. ఈ సంగతి తెలియక కొందరు కాన్పుల ఖర్చుకనే పంపుతారు. మాకు చేయి ఆడనిది వేరే చోట: అంబులెన్స్ డీజిల్, జనరేటర్ డీజిల్, నీళ్ల పంపు రిపేరు, మగవాళ్ల వార్డులో బిల్లు కట్టలేని రోగి. డీజిల్ డ్రమ్ము ముందు నిలబడి ఫొటో ఎవరు దిగుతారు? అందుకే వీటికి దాతలు దొరకరు.

ఇక మందులు. నా తలనొప్పి అంతా వీటితోనే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను. నేను చేరిన ఏడాదే ఒక దాతల బృందం నుంచి నలభై పెట్టెలు వచ్చాయి. డ్రైవర్లు, నర్సులు, తోటమాలి, అందరం పాటలు పాడుకుంటూ లారీలోంచి దించాం. విప్పి చూస్తే సగం మందులకి ఇంకో నాలుగు నెలల్లో ఎక్స్‌పైరీ. దగ్గు సిరప్‌ల మీద మాలో ఎవరికీ చదవడం రాని భాష. కొలెస్ట్రాల్ మాత్రలు గుట్టలుగా ఉన్నాయి. ఆ రోజు పిల్లల వార్డుకి కావలసిన ఎల్ఏ, అంటే మలేరియా మాత్రలు, ఒక్క స్ట్రిప్ కూడా లేదు. ఎక్స్‌పైర్ అయిన మందుని గోతిలో పారేయడానికి వీల్లేదు. లెక్క రాసి, అనుమతి తెచ్చి, కాల్పించాలి. ఆ పనికి నాకూ స్టోర్ క్లర్క్‌కీ రెండు వారాలు పట్టింది. ఆ క్లర్క్ పెద్దాయన, అందరూ ఆయన్ని అగోగో అనేవాళ్లు, తాతా అని. చివరి పెట్టె కాలుతుంటే, బైబిల్లో ఆకాశం నుంచి దిగిన తిండి మన్నాని తలుచుకుని అన్నాడు: "మన్నా కూడా మర్నాటికి పాడైపోయేదే. కానీ దేవుడు ఆ ముక్క ముందే చెప్పాడు."

కాబట్టి మొదట స్టాక్ జాబితా అడగండి. ఏది అయిపోతోందో, నెలకి ఎంత వాడతారో అందులో ఉంటుంది. తప్పనిసరై మందులే పంపాలంటే, అవి దేశంలో దిగేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కంపెనీ పేరుతో పాటు జెనరిక్ పేరు, అంటే మందు అసలు పేరు, కూడా ఉండాలి. పార్సిల్ బయల్దేరకముందే మలావీ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఆసుపత్రి చేతిలో ఉండాలి, లేదంటే సరుకు కస్టమ్స్‌లో ఆగిపోతుంది. నన్నడిగితే డబ్బే పంపండి, ఆసుపత్రి కొనుక్కుంటుంది. అయితే "నెలకి ఇన్ని క్వాచాలు" అని అక్కడి కరెన్సీలో మాట ఇవ్వకండి. 2023 నవంబర్‌లో డాలర్ ధర ఒక్కసారిగా సుమారు 1,180 క్వాచాల నుంచి 1,700కి పెరిగింది. బయటి దేశాల నుంచి వచ్చే మందుల ధరలూ దానితోపాటే పైకి పోతాయి. డాలర్లలో మాట ఇస్తే ఈ దెబ్బ తగలదు.

యంత్రాల విషయంలో తప్పు నాదే. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి రోగికిచ్చే యంత్రం, ఒకటి విరాళంగా వచ్చింది. పిన్ను మలావీ సాకెట్‌లో పట్టలేదు. అడాప్టర్ దొరికింది కదా అని సంబరంగా పెట్టేశాను. అది 110 వోల్టుల యంత్రం, అక్కడ కరెంటు 230. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది కానీ వోల్టేజీని కాదు. కాలిన వాసన వచ్చింది, అంతే. వోల్టేజీ చూడండి, స్టెబిలైజర్, మార్చే ఫిల్టర్లు కలిపి పంపండి, రిపేరు ఎవరు చేస్తారో ముందే అడగండి.

ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. వానలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మలేరియా ముదిరి రక్తం తగ్గిపోయిన పిల్లలతో మంచానికి ఇద్దరు చొప్పున ఉండేది ఆ రోజుల్లోనే. కొత్త మొక్కజొన్న చేతికి రాకముందు, జనవరి నుంచి మార్చి దాకా, ఇళ్లలో పిండి కూడా ఉండదు. అక్కడ రోగికి అన్నం పెట్టేది బంధువులే. ఆవరణలో పొయ్యి వెలిగించి న్సిమా, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, వండుకుంటారు. నెలలు నిండినవాళ్లు ముందుగా వచ్చి ఉండటానికి ఒక ఇల్లు ఉంది, కానీ తినడానికి లేకపోతే ఎవరొస్తారు? క్రిస్మస్‌కి బొమ్మలు పంపే బదులు ఆ ఖర్చుతో జనవరికి పిండి బస్తాలు, ఎండు చిక్కుడు గింజలు కొనిపించండి.

స్కూలు సంగతికొస్తే, మలావీలో ప్రభుత్వ ప్రాథమిక చదువుకి 1994 నుంచి ఫీజు లేదు. భారం సెకండరీలో హాస్టల్ ఫీజు దగ్గర. బాకీ ఉందని ఇంటికి పంపిన పిల్ల ఆ టర్మ్‌లో తిరిగి రాకపోవడం నేను కళ్లారా చూశాను. ఫీజు స్కూల్ ఖాతాకే కట్టండి, రసీదు తెప్పించుకోండి. మొదలుపెడితే ఫారం 4, అంటే సెకండరీ చివరి ఏడాది, పరీక్ష దాకా నిలబడండి. ఒక ఏడాది కట్టి మానేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. పిల్ల చేత ప్రతి నెలా కృతజ్ఞత ఉత్తరం రాయించమని అడగకండి, ఫొటో అసలే వద్దు.

స్వయంగా వెళ్తారా? డాక్టరైతే మెడికల్ కౌన్సిల్‌లో, నర్సయితే నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా రోగిని ముట్టుకోకూడదు. ప్రార్థన బృందంతో వచ్చారని ఇందులో మినహాయింపు లేదు. రెండు వారాలకే వెళ్తే ఆపరేషన్లు పెట్టుకోకండి. మీరు విమానం ఎక్కాక కుట్లు చీము పడితే చూసుకోవాల్సింది అక్కడి క్లినికల్ ఆఫీసరే. ఆయన డాక్టర్ కాకపోయినా సిజేరియన్లు చేసే చేయి, ముందు ఆయన దగ్గర నేర్చుకోండి. అక్కడి భాష చిచెవాలో నాలుగు మాటలైనా పట్టండి. అక్కడ పెద్దావిణ్ని "అమాయి" అని మర్యాదగా పిలుస్తారు, అమ్మా అని. మొదటి వారమంతా ముసలమ్మల్ని పట్టుకుని అమ్మాయి అంటున్నారేమిటా అనుకున్నాను.

పొద్దున్న ప్రార్థన ఉంటుంది, ఇష్టమున్నవాళ్లు కూర్చుంటారు. మలావీ సరస్సు వైపు నుంచి వచ్చే యావో తెగ రోగుల్లో చాలామంది ముస్లింలు. వాళ్లు బయట చెట్టు కింద ఆగుతారు, వరుసలో వాళ్ల నంబరు ఎక్కడికీ పోదు. ఇది మార్చాలని ఉబలాటపడే అతిథులు కూడా వచ్చారు, మేట్రన్ మెత్తగా బయటికి నడిపించింది.

మొదటి మెయిల్‌లో మూడే అడగండి: ఏది అయిపోతోంది, దేనికి దాత లేడు, డబ్బు ఏ ఖాతాకి. పదిహేను రోజులు చూసి, జవాబు లేకపోతే మళ్లీ రాయండి. వానాకాలంలో మా నెట్‌వర్క్ నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే వచ్చేది.