లండన్‌లో క్రిస్మస్: కుటుంబంతో వెళ్ళేవారు 25వ తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టాలి

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా డిసెంబరు 25 అంటే ఊరంతా వీధిలో ఉండే రోజు. ముందు రాత్రి ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏ రెండు గంటలో అవుతుంది, తెల్లవారగానే కొత్తబట్టలు కట్టుకుని మళ్ళీ చర్చికి వెళతారు, మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని కొత్తపట్నం బీచికో మైపాడు బీచికో బయలుదేరతారు. బస్సులు ఆగవు, హోటళ్ళు మూతపడవు. లండన్‌లో ఇదంతా తలకిందులుగా ఉంటుంది. ఆ రోజు అక్కడ భూగర్భ రైళ్ళు నడవవు, ఎర్ర బస్సులు నడవవు, ఊరి బయటికి వెళ్ళే రైళ్ళు కూడా నడవవు. 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదని ఇంగ్లండులో 2004లో చట్టమే చేశారు. నెల రోజులుగా దీపాలతో వెలిగిపోయిన నగరం పండుగనాడు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంటుంది.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మా ఊరి ఏజెంటు, 25 ఉదయం హీత్రోలో దిగే విమానంలో టికెట్లు చౌకగా ఉన్నాయని అందరికీ అవే తీసిపెట్టాడు. అయిదుగురం, ఏడు పెట్టెలు, స్టేషను ముందు దించి ఉన్న గేటు. మా అత్తగారు పట్టుచీర మీద రెండు స్వెటర్లు వేసుకుని ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని, "పండగ పూట ఇదేం ఊరమ్మా, దీపం పెట్టినట్టుంది గానీ మనిషన్నవాడు లేడు" అన్నారు. చివరికి రెండు టాక్సీలకు ఇచ్చిన డబ్బు టికెట్లలో మిగిలినదానికంటే ఎక్కువైంది. అందుచేత, విమానం టికెట్లు చూడడానికి ముందే 25న ఎక్కడ ఉంటాము, ఏ చర్చికి నడిచి వెళతాము, ఏమి వండుకుంటాము అన్నవి తేల్చుకోవాలని ఎవరు అడిగినా చెబుతాను. ఆ మూడూ తేలితే మిగిలిన తేదీలు వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందుగా బస. లండన్‌లో బంధువులు ఉన్నవారు, ముఖ్యంగా ఈస్ట్ హామ్, హారో, హౌన్‌స్లో వంటి చోట్ల మనవారు ఉన్నవారు, 24, 25, 26 తేదీలు వారి ఇంట్లో గడిపి, మిగిలిన రోజులకు మాత్రమే గది తీసుకోవడం మంచిది. ఈస్ట్ హామ్‌లో దక్షిణాది సరుకుల కొట్లు, టిఫిన్ హోటళ్ళు వరుసగా ఉంటాయి. చిన్న కొట్లకు ఆ చట్టం వర్తించదు గనుక పండుగనాడు కూడా కొన్ని తెరిచే ఉంటాయి. బంధువులు లేనివారు నగరం మధ్యలో, వాటర్లూ, వెస్ట్‌మినిస్టర్, ట్రఫాల్గర్ స్క్వేర్ పరిసరాల్లో, వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకోవాలి. అద్దె ఎక్కువే అవుతుంది. కాని పండుగనాడు రవాణా ఉండదన్నది గుర్తుంచుకుంటే దూరంలో చౌకగా దొరికే గది నిజానికి చౌక కాదని అర్థమవుతుంది. హోటలు గదులు చాలావరకు ఇద్దరికి సరిపోయేవే. అయిదుగురికి రెండు గదులు తీసుకుని, పొయ్యి లేక మూడు పూటలా బయట తినడం కంటే అపార్ట్‌మెంటే నయం.

24 మధ్యాహ్నం లోపలే బియ్యం, పెరుగు, గుడ్లు, కోడిమాంసం, కూరగాయలు, రెండు రోజులకు సరిపడా కొని పెట్టుకోవాలి. ఆ సాయంత్రం పెద్ద దుకాణాలు తొందరగా మూసేస్తాయి, తరవాత మళ్ళీ తెరిచేది 26న. గరంమసాలా పొట్లం, చిన్న ప్రెషర్ కుక్కరు ఇంటినుంచే పట్టుకుపోయినవారు ఆ రోజు రాజులు. అయితే పెట్టెలో ఏది పెట్టాలన్న దానికి ఒక హద్దు ఉంది. మన దేశంనుంచి వచ్చేవారు మాంసం గాని, పాలతో చేసిన పదార్థాలు గాని బ్రిటన్‌లోకి తీసుకురాకూడదు. కోడిమాంసం పచ్చడి, నెయ్యి డబ్బా ఇంట్లోనే వదలాలి. నెల్లూరు మలై కాజాలో కోవా ఉంటుంది గనుక దాని జోలికీ పోకపోవడమే మేలు. నూనెలో వేయించిన అరిసెలు, మురుకులు, గులాబీ పూలు, ఆవకాయ, కందిపొడి వీటికి ఇబ్బంది లేదు. పచ్చడి సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్ ఇన్ పెట్టెలోనే వేయాలి.

ఇక చర్చి. సెయింట్ పాల్స్ కథీడ్రల్, వెస్ట్‌మినిస్టర్ ఆబీ రెండింటిలోనూ క్రిస్మస్ నాడు ఆరాధనలు జరుగుతాయి. ఇతర రోజుల్లో చూడడానికి టికెట్టు కొనవలసిన ఈ కట్టడాలలో ఆరాధనకు వచ్చేవారివద్ద డబ్బు తీసుకోరు. కొన్ని ఆరాధనలకు ముందుగా ఆన్‌లైన్‌లో చోటు నమోదు చేసుకోవాలి గనుక, నవంబరు మొదటినుంచే వారి వెబ్‌సైట్లు చూస్తూ ఉండాలి. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఆబీ నడకకు పావుగంట దూరం, సెయింట్ పాల్స్ అరగంటకు పైగా. ఒంగోలు బాప్టిస్టు కుటుంబాల పెద్దలకు పందొమ్మిదో శతాబ్దపు లండన్ బోధకుడు స్పర్జన్ పేరు ప్రసంగాల్లో విని తెలిసినదే. ఆయన సంఘం కోసం 1861లో తెరిచిన మెట్రోపాలిటన్ టాబర్నకిల్ ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. 1941 బాంబు దాడిలో భవనం కాలిపోయినా ముందరి స్తంభాల మండపం నిలిచింది. పండుగ ముందు ఆదివారం అక్కడికి తీసుకెళితే పెద్దవారి మనసు నిండుతుంది. 24 అర్ధరాత్రి ఆరాధనకు వెళ్ళాలనుకునేవారు మాత్రం తిరిగి నడిచే రావలసి ఉంటుందని ముందే అనుకోవాలి.

ఇప్పుడు వెనక్కి లెక్క పెడదాం. మ్యూజియంలు, లండన్ టవరు కోట చాలావరకు 24 నుంచి 26 వరకు మూసి ఉంటాయి. 27న అవి మళ్ళీ తెరిచేసరికి జనం విరగబడతారు. కాబట్టి 18 లేదా 19కల్లా లండన్ చేరితే చూడవలసినవన్నీ 23లోపు చూడవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో, ప్రకృతి చరిత్ర మ్యూజియంలో, సైన్స్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, కాని సెలవుల్లో సమయం ముందుగా బుక్ చేసుకోకపోతే చలిలో బారులో నిలబడాలి. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపపు శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. పిల్లలు ఈజిప్టు మమ్మీల దగ్గరికి పరుగెత్తుతారు, అది సహజం, కాని మనం మాత్రం ఆ గదికి వెళ్ళకుండా రాకూడదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకొనే కోహినూరు వజ్రం టవరులో ఉంది.

డిసెంబరు చివర లండన్‌లో ఎనిమిది దాటాక తెల్లవారుతుంది, నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఈ ఎనిమిది గంటలలో ఆరుబయట చూడవలసినవి ఉదయం పెట్టుకుని, రెండు దాటాక మ్యూజియంలోకి చేరి, చీకటి పడ్డాక రీజెంట్ స్ట్రీట్, కార్నబీ స్ట్రీట్, కోవెంట్ గార్డెన్ దీపాలు చూడడం ఒక పద్ధతి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని క్రిస్మస్ చెట్టు నార్వే రాజధాని ఓస్లో నగరం రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ చేసిన సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి ఏటా పంపుతున్న కానుక. దాని కింద సాయంత్రాల్లో పాటల బృందాలు విరాళాల కోసం పాడుతుంటాయి. మన వీధుల్లో కేరల్స్ పాడుతూ తిరిగే పిల్లలు అక్కడ నిలబడి తమకు తెలిసిన రాగం గుర్తుపట్టినప్పుడు వారి ముఖాలు చూడాలి. హైడ్ పార్కులోని వింటర్ వండర్‌ల్యాండ్ 25న మూసి ఉంటుంది, మిగిలిన రోజులకు ముందుగా టికెట్టు తీసుకోవాలి. అక్కడ ఒక్కొక్క ఆటకూ వేరే డబ్బు, కాబట్టి పిల్లలకు ఎన్ని ఆటలో గేటు బయటే ఒప్పందం చేసుకోవాలి.

ఊళ్ళో ప్రయాణాలకు పెద్దవారికి తలా ఒక బ్యాంకు కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటడం కుదరదు. అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకున్న కార్డునే గేటుకు తాకిస్తే సరిపోతుంది, రోజుకు ఇంతకంటే ఎక్కువ పట్టకూడదన్న పరిమితి దానికి ఉంటుంది. 11 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దవారితో వెళితే మెట్రోలో టికెట్టు లేదు. 11 నుంచి 15 ఏళ్ళవారికి ఆయిస్టర్ అనే అక్కడి ప్రయాణ కార్డు తీసుకుని, స్టేషను సిబ్బందిని అడిగి సగం ధర రాయితీ వేయించుకోవాలి. అడగకపోతే ఎవరూ వేయరు.

వీసా పని ఇక్కడివారికి మరికొంచెం వివరంగా చెప్పాలి. ప్రయాణానికి మూడు నెలల ముందునుంచి మాత్రమే దరఖాస్తు చేయవచ్చు, వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది. అంటే డిసెంబరు 18న బయలుదేరేవారు సెప్టెంబరు చివర దరఖాస్తు పెట్టి, అక్టోబరులో చెన్నై కేంద్రానికి వెళ్ళివస్తే నింపాదిగా ఉంటుంది. చంటిబిడ్డతో సహా ప్రతి ఒక్కరికీ వేరే దరఖాస్తు, వేరే రుసుము. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే ముగిసిపోతుంది గనుక జూన్‌లోనే తేదీలు చూసుకోవాలి.

ఇక్కడ చిక్కు వచ్చేది రెండు చోట్ల. మొదటిది పేరు. మా అత్తగారి ఆధార్‌లో సుబ్బమ్మ, చర్చిలో ఇచ్చిన పెళ్ళి సర్టిఫికెట్‌లో గ్రేసమ్మ, మా వారి పదో తరగతి సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఇంకొకటి. ఇలాంటి ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్నో ఉంటాయి. మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ రాయించి, దరఖాస్తులో ఇతర పేర్లు అడిగిన చోట దాపరికం లేకుండా అన్నీ రాయాలి. విమానం టికెట్టు మీద పాస్‌పోర్టులోని పేరే ఉండాలి.

రెండవది డబ్బు. రొయ్యల చెరువు ఉన్నవారికి పట్టుబడి అయినప్పుడు, పొగాకు రైతుకు వేలం అయినప్పుడు, ఒక్కసారిగా లక్షలు ఖాతాలో పడతాయి, తరవాత నెలల తరబడి ఏమీ పడదు. ఆరు నెలల స్టేట్‌మెంటు చూసే అధికారికి అది ఎవరో అప్పుగా వేసిన డబ్బులా కనిపిస్తుంది. పొగాకు బోర్డు చెల్లింపు పత్రం, రొయ్యలు కొన్నవారి బిల్లు, చెరువు లీజు కాగితం, అడంగల్ జతచేసి, ఏ తేదీన ఏ మొత్తం ఎందుకు వచ్చిందో ఒక పేజీలో రాసి పెట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, దానిమీద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, చిరునామా ఉండాలి. వీసా కోసమని బంధువులవద్ద తెచ్చి ఖాతాలో వేసి చూపించడం మాత్రం చేయకూడదు.

చలి గురించి అందరూ భయపెడతారు. లండన్‌లో ఆ రోజుల్లో ఉష్ణోగ్రత మూడు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటుంది, మంచు కురవడం అరుదు, వానజల్లు మాత్రం తరచు. ఒక్క బరువైన కోటుకంటే లోపల థర్మల్స్, మీద స్వెటరు, ఆపైన తడవని జాకెట్టు, ఇలా పొరలుగా వేసుకోవాలి. చీర మానని పెద్దవారికి లోపల థర్మల్ ప్యాంటు, మేజోళ్ళు, బూట్లు. చెప్పులతో వస్తానని పట్టుబట్టేవారిని చెన్నైలోనే ఒప్పించాలి.

బి.పి., షుగర్ మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి, ఇన్సులిన్‌ను చెక్ ఇన్ పెట్టెలో వేయకూడదు. అక్కడి టైము మనకంటే అయిదున్నర గంటలు వెనుక కాబట్టి మందుల వేళలు ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోవాలి, ఆసుపత్రిలో చేరిన సందర్శకులనుంచి ప్రభుత్వ ఆసుపత్రులు అసలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తాయి. నడవలేని పెద్దవారికి వీల్‌చైర్ కావాలని టికెట్టు తీసేటప్పుడే చెబితే విమాన సంస్థ డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేస్తుంది.

బయలుదేరే రోజున మన వైపు వాతావరణాన్ని నమ్మకూడదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది; 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరు నుంచి చెన్నై మూడున్నర గంటల ప్రయాణమే కదా అని విమానం రోజునే బయలుదేరక, ముందు రోజే చేరి ఒక రాత్రి అక్కడ పడుకోవాలి. తిరుగు ప్రయాణం 25న, 26న పెట్టుకోకూడదు. 31 రాత్రి ఆరాధనకు సొంత సంఘంలో ఉండాలనుకునేవారు 28న హీత్రోలో విమానం ఎక్కితే 29కి చెన్నై, ఆ రాత్రికి ఒంగోలు చేరతారు, మధ్యలో ఒక రోజు నిద్రకు మిగులుతుంది.